ఆదివారం విద్యార్థి

మా ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, జైల్లో క్లాసులు చెప్పగలరా అని అడిగినప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేదు. కడపలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంటాను. దూరవిద్యలో బి.ఏ. కట్టిన ఖైదీల కోసం జైలు లోపలే ఆదివారాలు పాఠాలు జరుగుతాయి. అంతకుముందు చెప్పే మాస్టారికి బదిలీ అయింది. ఆయన బదులు పోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. ఇంట్లో ఆ మాట చెబితే మా ఆయన, "నీ ఇష్టం. మీ అమ్మకు మాత్రం చెప్పొద్దు" అన్నాడు. మా అమ్మ కోడుమూరులో ఉంటుంది. కూతురు వారం వారం జైలుకు పోతోందని తెలిస్తే ఆమెకు నిద్ర పట్టదు.

మొదటి ఆదివారం గేటు దగ్గర ఫోను, హ్యాండ్‌బ్యాగు తీసిపెట్టుకున్నారు. పుస్తకాన్ని పేజీ పేజీ తిరగేసి చూశారు. వార్డరు ఒకాయన నన్ను లోపలికి తీసుకుపోయాడు. క్లాసు అంటే లైబ్రరీ గదే. గోడవారగా బీరువాలు, మధ్యలో బెంచీలు, పైన గట్టిగా చప్పుడు చేసే ఫ్యాను. తెల్ల బట్టల్లో కొంతమంది లేచి నిలబడ్డారు. నాకంటే పెద్దవాళ్ళు కూడా ఉన్నారు. "కూర్చోండి" అన్నాను. వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తలుపు దగ్గర నిలబడిన వార్డరు నవ్వుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆయనే చెప్పాడు, "వీళ్ళను ఈడ ఎవురూ మీరు అనరు మేడమ్, అందుకే అట్ల చూసినారు" అని.

ఎవరు ఏ నేరం చేశారో అడగకూడదని నాకు నేనే పెట్టుకున్న నియమం ఒకటి ఉండేది. ఎవరూ నాకు చెప్పింది కాదు. తెలిస్తే పాఠం చెప్పలేనని భయం. నాకు వాళ్ళు చదువుకునే మనుషులుగానే కనపడాలని కోరిక.

వాళ్ళలో ఒకడు బేతంచెర్ల వైపువాడు. నలభై దాటినట్టుంటాడు. నాపరాతి బండలు లారీలకెత్తే పని చేసేవాడట. వేళ్ళు మొద్దుగా ఉండి పెన్ను వాటిలో సరిగ్గా ఇమిడేది కాదు. పదో తరగతి తప్పి బడి మానేసి, జైలుకొచ్చాక పది, ఇంటరు కట్టి పాసయ్యాడు. చురుకైనవాడని చెప్పలేను. ఒక్కో పాఠం రెండు మూడుసార్లు చెప్పించుకునేవాడు. కానీ మొండివాడు. రాసిన జవాబు బాగాలేదంటే మళ్ళీ రాసుకొచ్చేవాడు. ఒకరోజు ఎందుకింత పట్టుగా చదువుతున్నారని అడిగాను.

"పుస్తకం చేతిలో ఉంటే బ్యారక్‌లో నన్ను ఎవురూ కదిలియ్యరు మేడమ్. ముందు అందుకే పట్టుకుంటి. ఇప్పుడు బాగానే ఉండాది" అన్నాడు.

నిజం చెప్పాలంటే కాలేజీలో వారమంతా చెప్పిన పాఠాలకంటే ఆ ఆదివారం పాఠమే నాకు తృప్తిగా ఉండేది. అక్కడ ఎవరూ ఫోను చూసుకోరు. ఎవరూ గంట కోసం ఎదురుచూడరు.

ఆ ఏడు మా కాలేజీలో మొదటి సంవత్సరం చేరినవాళ్ళలో ఒక అమ్మాయి ఉండేది. ఎర్రగుంట్ల నుంచి రోజూ రైల్లో వచ్చేది. రైలు ఆలస్యమైతే చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడేది, చెప్పుల చప్పుడుకు క్లాసు చెదిరిపోతుందని. తండ్రి లేడని, తల్లి సిమెంటు ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పని చేస్తుందని తెలుసు. అంతకుమించి తెలియదు. అందరికంటే బాగా రాసేది. ప్రశ్న అడిగితే ముందు తనలో తాను ఒకసారి అనుకుని, తర్వాత పైకి చెప్పేది. నాకు ఆ అమ్మాయి అంటే ఇష్టంగా ఉండేది.

జైల్లో కొత్త సంవత్సరం పుస్తకాలు పంచేటప్పుడు చిన్న సభ పెట్టారు. అధికారులొచ్చారు. మమ్మల్నందరినీ వరుసగా నిలబెట్టి ఫోటోలు తీశారు. మర్నాడు జిల్లా పేజీలో ఆ ఫోటో వేశారు. స్టాఫ్ రూములో అందరూ చూసి అభినందించారు. నేనూ సంతోషించాను.

ఆ మధ్యాహ్నం ఆ అమ్మాయి స్టాఫ్ రూముకు వచ్చింది. చేతిలో పేపరు మడత పెట్టి ఉంది. నా ఎదురుగా కుర్చీ ఉన్నా కూర్చోలేదు. పేపరు బల్ల మీద పరిచి ఫోటోలో నా పక్కన నిలబడినతని మీద వేలు పెట్టింది.

"మేడమ్, ఈయన మీకు తెలుసా?"

"తెలుసమ్మా. నా విద్యార్థే."

"ఈయన మా నాయన్ను సంపినాడు."

గొంతు పెంచలేదు. పక్క బల్ల దగ్గర టిఫిన్ తింటున్న మేడమ్‌కు వినపడి కూడా ఉండదు. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు. అప్పుడు మేము బేతంచెర్లలో ఉంటిమి. ఇద్దరూ ఒకే చోట బండలెత్తేటోళ్ళు. మాది, వాళ్ళది ఒకటే కాలనీ, ఒకటే చర్చి. మా ఇంటికొచ్చి అన్నం తినేటోడు. నేను చిన్నాయనా అని పిలిచేదాన్ని" అంది. తర్వాత పేపరు మడిచి, "మీరు ఆయనకు ఏం సబ్జెక్టు చెప్తారు మేడమ్?" అని అడిగింది.

"చరిత్ర."

"మాకు చెప్పేదేనా?"

"కొంచెం తేడా. పాఠాలు దాదాపు అవే."

తల ఊపి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి నా క్లాసుకు రాలేదు. మిగతా క్లాసులకు వస్తోందని, నా గంటలో లైబ్రరీలో కూర్చుంటోందని తోటి పిల్లలు చెప్పారు.

ఆ వారం నేను సరిగ్గా తినలేదు. మా ఆయనకు చెప్పాను. "నీకు తెలియదు గదా, నీ తప్పేముంది?" అన్నాడు. తప్పు గురించి కాదు నా బాధ. ఆ అమ్మాయికి సోమవారం చెప్పిన పాఠం, అదే నోటితో, ఆదివారం ఆయనకు చెబుతున్నాను. ఇద్దరికీ ఒకేలా "అర్థమైందా?" అని అడుగుతున్నాను. ఇది ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఆదివారం జైలుకు పోయాను. హాజరు పిలిచాను. పాఠం చెప్పాను, కానీ కళ్ళు అతను కూర్చునే మూల బెంచీ వైపు పోనివ్వలేదు. అయిపోయాక అందరూ వెళ్తుంటే అతను ఆగిపోయాడు.

"మీకు తెల్సిపాయ గదా మేడమ్" అన్నాడు.

"ఏమి?"

"హాజరు పిలిచేటప్పుడు నా పేరు ఇడిసిపెట్టినారు."

నేను కావాలని చేయలేదు. నాకు తెలియను కూడా తెలియదు. వార్డరు తలుపు దగ్గరే ఉన్నాడు. నేను మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. అతను నిలబడే చెప్పాడు. ఆ రోజుల్లో తాగుడు ఎక్కువైందట. బండలెత్తే ముఠాకు మేస్త్రి ఆ అమ్మాయి తండ్రి. తాగి పనికొస్తే బండ ఎవరి కాళ్ళ మీదనైనా పడుతుందని రెండుసార్లు చెప్పి చూశాడట. ఆ పొద్దు అందరి ముందరా, "రేపటి నుంచి నువ్వు రావద్దురా" అన్నాడట.

"గడ్డపార పక్కన్నే ఉండె మేడమ్. అంతే. ఎందుకు పట్టుకుంటినో నాకే తెల్దు. పడిపోయినాక నేనే లేపితి. నా ఒళ్ళోనే పెట్టుకోని ఆటోలో పోతి. నంద్యాల ఆస్పత్రికి పోకముందే పాయ."

"ఆ పిల్లోళ్ళు ఎట్లుండారో మీకేమన్నా తెలుసునా?" అని అడిగాడు.

నేను హాజరు పుస్తకం మూశాను. అతను దాన్నుంచి ఏం గ్రహించాడో తెలియదు. "ఎప్పుడన్నా వాళ్ళు కనపడితే, నేను ఒక మాట..." అన్నాడు.

"ఆ మాట నేను మోయలేనప్పా" అన్నాను. పాఠం చెప్పిన మూడేళ్ళలో అతన్ని 'మీరు' అనకుండా మాట్లాడింది అప్పుడే. "వాళ్ళంతట వాళ్ళు అడిగితే వేరే సంగతి. నేను తీసుకుపోయి ఇయ్యను."

"సరే మేడమ్" అన్నాడు. బెంచీ మీద పుస్తకం తీసుకుని లైనులోకి వెళ్ళిపోయాడు.

బయటికి వస్తుంటే ఆ వార్డరు, ఉద్యోగంలో తల నెరిసినాయన, నా ముఖం చూసి అన్నాడు, "మీకు ఒకాయనది తెలిసింది మేడమ్, అంతే. తక్కినోళ్ళవీ ఇట్లాంటివే." ఓదార్పుగానే అన్నాడు. కానీ అది నాకు ఇంకా కష్టమైంది. అప్పటి నుంచి ఒక్కో బెంచీ వైపు చూసినప్పుడల్లా దాని వెనక ఏదో ఊళ్ళో ఒక ఇల్లు, ఆ ఇంట్లో మిగిలినవాళ్ళు కనపడేవారు.

ఇక మానేద్దామనుకున్నాను. మానేసే ముందు ఎర్రగుంట్లకు పోయి ఆ అమ్మాయి తల్లిని చూడాలనిపించింది. ఎందుకని అడిగితే చెప్పలేను. అమ్మాయికి ముందుగా చెప్పాను. వద్దనలేదు, రమ్మనలేదు. ఇల్లు ఎక్కడో మాత్రం చెప్పింది.

రైలు పట్టాల అవతల, ఫ్యాక్టరీ దుమ్ము పడి వేపాకులు కూడా బూడిద రంగు తిరిగిన కాలనీ. చర్చి పక్క సందులో రెండు గదుల ఇల్లు. తల్లి నాకంటే చిన్నదే, చూడ్డానికి పెద్దదిలా ఉంది. టీ పెట్టి ఇచ్చింది. నేను ఎలా మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుంటే ఆమే మాట్లాడింది.

"పాప చెప్పింది మేడమ్. మీరు బాధ పడొద్దండి. ఆయన సదివితే పాపోళ్ళ నాయన తిరిగొస్తాడా, సదవకపోతే వస్తాడా?"

"మీకు కోపం లేదా?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. "పాస్టరయ్య క్షమించమని చెప్పినాడు. చర్చిలో అందరి ముందర లేచి నిలబడి క్షమించినానని చెప్పినా. ఇంటికొచ్చినాక నేనేం చెప్పినానో నాకే తెల్లేదు. పొద్దున ఒక రకంగా ఉంటాది, సందేళకు ఒక రకంగా ఉంటాది. కోపం యాడికీ పోదు మేడమ్. దాన్ని పెట్టుకోని పనికి పోతాండా, వస్తాండా."

అప్పుడే ఆమె పెద్దకొడుకు డ్యూటీ దిగి వచ్చాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళుంటాయి. ఫ్యాక్టరీలో లారీలకు సిమెంటు మూటలు ఎత్తుతాడు. కనుబొమ్మల మీద కూడా సిమెంటే. తండ్రి పోయాక ఇంటరుకు పోకుండా పనిలో దిగినవాడు ఇతనే. నేను ఎవరో తల్లి చెప్పింది. అతను తొట్టి దగ్గర ముఖం కడుక్కుంటూ విన్నాడు. తువ్వాలుతో తుడుచుకుని వచ్చి, నాకు దూరంగా గడప మీద కూర్చున్నాడు.

"ఆదివారం ఆదివారం పోయి చెప్తారా మేడమ్?"

"అవును నాయనా."

"పుస్తకాలు కూడా వాళ్ళే ఇస్తారంట."

"ఇస్తారు."

"నాకు పదిలో మంచి మార్కులు వచ్చినాయి. మా ఇంటికి ఎవురూ రాలేదు" అన్నాడు. నిష్ఠూరంగా కూడా అనలేదు. ఉన్నది చెప్పినట్టు చెప్పాడు. తల్లి "పోనీలేరా" అంది.

నేను అతన్ని కూడా దూరవిద్యలో చేర్పిస్తానన్నాను. శనివారాలు చెల్లెలితో పాటు కడపకు వస్తే మా ఇంట్లోనే పాఠం చెబుతానన్నాను. అతను నవ్వి ఊరుకున్నాడు. కానీ వచ్చాడు. కొన్ని శనివారాలు డ్యూటీ దిగి అట్లే రైలెక్కి వచ్చేవాడు. ముందుగదిలో కుర్చీలో కూర్చునేవాడు. రెండో పేజీ తిప్పేసరికి తల వాలిపోయేది. చెల్లెలు మోచేత్తో పొడిచేది. లేచి కళ్ళు నులుముకుని, "చెప్పండి మేడమ్, వింటాండా" అనేవాడు. ఒకసారి మా ఆయన అతని నిద్ర చూసి ఫ్యాను పెంచి, నన్ను పాఠం ఆపమని సైగ చేశాడు. గంటసేపు నిద్రపోయాడు. లేచాక చాలా సిగ్గుపడ్డాడు. తర్వాత రావడం తగ్గింది. చివరికి, "నాతో కాదు మేడమ్, మూటలెత్తి వచ్చినాక అక్షరాలు అలికినట్టు కనపడతాండాయి" అని ఫోనులో చెప్పాడు. నేను ఎంత చెప్పినా మళ్ళీ రాలేదు. జైలు బెంచీ మీద కూర్చునే ఆయనకు ఉన్నది, ఇతనికి లేనిది, ఒంట్లో సత్తువ మిగలడం ఒక్కటే. ఆ సంగతి నన్ను ఇప్పటికీ వదల్లేదు.

జైలుకు పోవడం మాత్రం మానలేదు. మానమని ఆ తల్లి అని ఉంటే మానేసేదాన్ని. ఆమె అనలేదు. మిగతావాళ్ళకు పరీక్షలు దగ్గర పడుతున్నాయి. ఒకరి కోసం అందరినీ వదిలేయడం కూడా నాకు చేతకాలేదు.

నేను వాళ్ళింటికి పోయి వచ్చాక ఆ అమ్మాయి కూడా నా క్లాసుకు తిరిగొచ్చింది. కొన్నాళ్ళు వెనక బెంచీలో కూర్చుంది. తర్వాత మెల్లగా తన పాత చోటికే వచ్చింది. ఒకరోజు కారిడార్‌లో ఆగి అడిగింది.

"ఆయన బాగా రాస్తాడా మేడమ్?"

"సుమారుగా రాస్తాడు."

"మా అన్న శానా బాగా రాసేటోడు" అంది. మళ్ళీ ఎప్పుడూ ఆయన ప్రస్తావన తేలేదు.

అతను డిగ్రీ పాసయ్యాడు, సెకండ్ క్లాసులో. ఆ తర్వాతి ఏడు సత్ప్రవర్తన కింద కొందరిని విడుదల చేశారు. అందులో అతనూ ఉన్నాడు. నాకు జైలు నుంచి తెలిసింది. ఆ అమ్మాయి అప్పుడు చివరి సంవత్సరంలో ఉంది. చెప్పాలా వద్దా అని నేను ఊగిసలాడుతుంటే, వాళ్ళ పాత ఊరివాళ్ళే ఫోను చేసి చెప్పారని తర్వాత తెలిసింది.

కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు మధ్యాహ్నం అటెండరు వచ్చి, మీ కోసం ఎవరో వచ్చారన్నాడు. కిందికి దిగాను. వరండా చివర అతను నిలబడి ఉన్నాడు. తెల్ల బట్టల్లో తప్ప వేరేగా ఎప్పుడూ చూడలేదు కాబట్టి ఒక్క క్షణం పోల్చుకోలేకపోయాను. గళ్ళ చొక్కా, కొత్త సంచి. నమస్కారం పెట్టాడు.

"ఎం.ఏ. కట్టాలనుకుంటాండా మేడమ్. ఎట్లా కట్టాలో, యాడ కట్టాలో మిమ్మల్ని అడుగుదామని వస్తి."

పైఅంతస్తులో ఆ అమ్మాయి క్లాసు. ఇంకాసేపట్లో గంట కొడతారు. పిల్లలు ఈ మెట్ల మీదుగానే దిగుతారు.

"ఈడికి రావద్దప్పా" అన్నాను.

అతను నా ముఖం చూశాడు. తర్వాత పైకి, మెట్ల వైపు చూశాడు.

"ఆ పాప ఈడ్నే సదువుతాందా?"

అతను జవాబు కోసం ఆగలేదు. సంచి చంకలో పెట్టుకుని గోడవారగా, తల వంచుకుని, వేగంగా గేటు వైపు నడిచాడు. గేటు దాటాక కూడా వెనక్కి చూడలేదు.

నేను తిరిగేసరికి ఆ అమ్మాయి మెట్ల మలుపులో నిలబడి ఉంది. గంట కాకముందే ఎందుకు దిగిందో, ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. కిందికి వచ్చి నా పక్కన నిలబడింది.

"శానా ముసలోడైపోయినాడు" అంది.

నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. తీసేయమనలేదు.

"ఏం కావాలంట మేడమ్?"

"ఎం.ఏ. చదవాలంట. ఎలా కట్టాలో అడగడానికి వచ్చాడు."

"మీరేం చెప్పినారు?"

"ఇక్కడికి రావద్దన్నాను."

చాలాసేపు గేటు వైపే చూసింది. పిల్లలు దిగడం మొదలైంది. మా ఇద్దరినీ తప్పుకుంటూ పోతున్నారు.

"చెప్పి పంపాల్సింది మేడమ్, సదువు గురించి అడిగినప్పుడు" అంది. మళ్ళీ వెంటనే, "నేను క్షమించి చెప్పడం ల్యా. నాకు ఆయన్ను చూస్తే ఇప్పుడు కూడా మా నాయనే కనపడతాడు. మీరు టీచరు గదా, అందుకని చెప్తాండా" అంది. పుస్తకాలు గుండెకు హత్తుకుని రైలుకు టైమైందని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నేను జైల్లోని ఆ పెద్ద వార్డరుకు ఫోను చేశాను. విడుదలైనవాళ్ళు కొందరు ఆయనతో మాట్లాడుతుంటారని తెలుసు. ఎం.ఏ.కు ఎక్కడ కట్టాలో, ఏం కావాలో వివరంగా చెప్పి, అతనికి అందజేయమన్నాను. ఆయన సరేనన్నాడు. అందిందో లేదో చాలాకాలం తెలియలేదు.

అమ్మాయి డిగ్రీ పూర్తి చేసింది. కర్నూలులో బి.ఇడి. సీటు వచ్చింది. హాస్టల్లో దింపడానికి వాళ్ళ అన్న ఒకరోజు సెలవు పెట్టి వెంట పోయాడు. వెళ్ళే ముందు తల్లి నాకు ఫోను చేసి మాట్లాడింది. బిడ్డ టీచరవుతుందని మురిసిపోయింది.

కర్నూలులో పనిచేసే నా పాత సహాధ్యాయిని ఒకామె ఈ మధ్య ఫోను చేసింది. దూరవిద్య ఎం.ఏ. క్లాసులు ఆమె చెబుతుంది. "బేతంచెర్ల ఆయన ఒకడు చేరాడు. పగలు ఏదో గోడౌను దగ్గర వాచ్‌మన్ పని చేస్తాడంట. నీ విద్యార్థినని చెప్పాడు. నిజమేనా?" అని అడిగింది.

నిజమేనన్నాను. ఫోను పెట్టేశాక ఆ అమ్మాయికి ఫోను చేసి చెప్పాను. నాకు తెలిసి, ఆమెకు తెలియకుండా ఉండటం ఇంకోసారి జరగకూడదనిపించింది. అవతల హాస్టల్లో ఎవరో నవ్వుతున్న చప్పుడు, బకెట్ల చప్పుడు వినపడుతున్నాయి.

"యాడ జరుగుతాయి మేడమ్ ఆయన క్లాసులు?" అని అడిగింది.

చెప్పాను.

"మా కాలేజీకి దూరమే" అంది. మళ్ళీ, "ఊరు పెద్దదే గదా మేడమ్" అంది. నేను ఏదో అనబోయేలోపే, రేపు బడిలో తొలిసారి పిల్లలకు పాఠం చెప్పాలని, భయంగా ఉందని, మొదట ఏం మాట్లాడితే పిల్లలు వింటారో చెప్పమని అడిగింది.